దుమ్ము పడని మిషను

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్డులో బాబాయ్ ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆయన అన్నకూతురేమో పనిచేసే చోట్లలో గాలిని కొలిచి, అందులో ఎంత విషముందో, మనిషి ఒంటికి ఏం ముప్పుందో తేల్చే ఉద్యోగంలో ఉంది. ఒకే ఇంట్లో ఇలాంటి ఇద్దరుండి కూడా ఆయన మంచాన పడ్డాడంటే ఏమనాలి చెప్పండి!

మూడేళ్ల కిందట ఆ షెడ్డును కొలిచింది ఈ అమ్మాయే. దుమ్మును లాగి పట్టే చిన్న మిషను బాబాయ్ నడుముకు కట్టి, దాని గొట్టం మూతిని కాలరుకు తగిలించింది.

"సాయంత్రం దాకా తీయకు బాబాయ్. దీనికేమన్నా అయితే ఆఫీసులో నా తోలు తీస్తారు," అని నవ్వింది. ఆ మాటే కొంప ముంచింది.

సాయంత్రం చూస్తే లోపలి వడపోత కాగితం తెల్లగా ఉంది. ల్యాబులోనూ సీసం దాదాపు లేదనే వచ్చింది. షెడ్డుకు భయం లేదని అమ్మాయి రాసిచ్చింది. యజమానికి అంతకంటే ఏం కావాలి? దుమ్మును బయటికి లాగేందుకు పెట్టిస్తానన్న పెద్ద ఫ్యాన్ల సంగతి అటకెక్కించాడు.

ఇప్పుడు బాబాయ్ కిడ్నీలు పాడయ్యాయి. ఏం పనిచేస్తాడని డాక్టరు అడిగితే, "అక్కడేం లేదండీ, నేనే కొలిచాను," అని అమ్మాయే అడ్డుపడింది. ఇక పిన్నికి అనుమానం పట్టుకుంది.

"దొంగచాటుగా తాగుంటాడే. లేకపోతే ఈ రోగం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?" అని మొగుడితో మాటలు మానేసింది. చుక్క ముట్టని మనిషి, పాపం, నోరెత్తకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆ రోజు ఆస్పత్రిలో అమ్మాయి ఆయన కాళ్లు పడుతోంది. పిన్ని కిటికీ దగ్గర దుప్పటి మడతపెడుతోంది.

"నీ మిషను బాగుందా అమ్మా?" అన్నాడు బాబాయ్.

"ఏ మిషను?"

"అదే, నాకు కట్టావే! దానిమీద దుమ్ము పడనిచ్చాననుకున్నావా? నువ్వటు వెళ్లగానే, మీ పిన్ని ఉతికిచ్చిన జేబురుమాలు మడతలేసి దాని మూతికి చుట్టేశాను. నువ్వొచ్చే ముందు విప్పాను. నీకు మాట రాకూడదు కదా!" పీక్కుపోయిన ఆ మొహంలో ఎంత గర్వమో.

అమ్మాయి చేతులు ఆగిపోయాయి. దుమ్ము మిషనులోకి పోలేదు. అంతా ఆయనే పీల్చాడు. అలాంటి షెడ్డులో కాగితం అంత తెల్లగా ఎలా ఉందని ఒక్కసారైనా అనుమానించని తన చదువుకు నిప్పెట్టాలనిపించింది.

"మంచి పని చేశానా, లేదా?"

"చేశావు బాబాయ్," అంది. లేచి పిన్ని దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది. "బాబాయ్ తాగలేదు పిన్నీ. ఆ షెడ్డే ఆయన్ని తినేసింది. నా కొలత తప్పు. ఇప్పుడే వెళ్లి డాక్టరుకూ చెబుతాను."

పిన్ని దుప్పటి అక్కడే పడేసి వచ్చి మొగుడి తల దగ్గర కూలబడింది. "ఏమయ్యా, తాగలేదని ఒక్క మాట గట్టిగా అనొచ్చుగా!"

"తాగలేదంటే షెడ్డు వల్లే అనాలిగా," అన్నాడు బాబాయ్. "అప్పుడు అమ్మాయి కొలత తప్పయిపోదూ?"