పడవకు నేను చేసిన పూజ

సికింద్రాబాదులో ఉంటూ పడవ కొన్న మొగుడు ఇంకెవరికైనా ఉంటే రండి, కూర్చుని మాట్లాడుకుందాం. మిగతావాళ్లు మాత్రం నాకు నీతులు చెప్పొద్దు.

మా ఆయన భద్రయ్య రైల్వేలో ముప్పై నాలుగేళ్లు డీజిల్ ఇంజన్ల ఫిట్టరుగా చేసి నిరుడు రిటైరయ్యాడు. మొదటి నెల మా మిక్సీ విప్పాడు. రెండో నెల పక్కింటి రోసమ్మ కూలరు విప్పాడు. ఆ తర్వాత లాలాగూడలో మా గల్లీలో విప్పడానికి ఏమీ మిగల్లేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఏ రైలు కూత వినపడినా అది ఏ ఇంజనో, దాని ఒంట్లో ఏం బాగాలేదో చెప్పేవాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే.

అలాంటి మనిషి ఒకరోజు రెజిమెంటల్ బజార్లో ఎవరిదో గోదాములో, టార్పాలిన్ కింద పడున్న స్పీడు బోటును చూశాడు. ఏదో రిసార్టు మూతపడితే అక్కడికి చేరిందట. అమ్మేవాడు పాపం మంచివాడే, ఇంజను స్టార్టు కాదని ముందే చెప్పాడు. ఇంకెవరైనా ఆ మాట వినగానే వెనక్కి తిరిగేవాళ్లు. ఈయన ఆ మాట విన్నాకే కొన్నాడు.

ట్రాలీ మీద పడవ గల్లీలోకి వచ్చిన రోజు నోటికొచ్చినట్టు తిట్టాను, దాచడమెందుకు. మోండా మార్కెట్టుకు సంచులు పట్టుకుని పోయే ఆడవాళ్లు ఆగి మరీ, సముద్రం ఎప్పుడొస్తుంది వదినా అని అడిగి పోతుంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? ఆయన నా తిట్లన్నీ అయ్యేదాకా ఆగి, నెమ్మదిగా ఒక మాట అన్నాడు.

"ముప్పై నాలుగేండ్లల్ల నేను బాగుచేసిన ఇంజన్ ఒక్కటి సుత నాది కాదు సుమిత్రా. చేసుడు, పంపుడు. ఒక్కటన్న నాది ఉండాలె."

లోపలికి పోయి చాయ్ పెట్టాను.

పడవ వచ్చిన మొదటి నెలంతా ఆ మనిషిని చూడాలి. పొద్దున్నే లేవడం, పాత ఖాకీ ప్యాంటు వేసుకోవడం, పడవ వెనక వేలాడే ఆ ఇంజనును ముక్క ముక్కగా విప్పి కిరసనాయిల్లో కడగడం. నేను నీళ్లు పట్టుకునే నీలం డ్రమ్మును అడక్కుండా సగానికి కోసి, ఇంజను అడుగుభాగం మునిగేలా నీళ్లు పోసి పెట్టాడు. అదేం పని అని గొడవ పెట్టుకుంటే పాఠం చెప్పాడు. ఈ ఇంజను తాను మునిగిన నీళ్లనే తాగి చల్లబడుతుందట. నీళ్లు లేకుండా ఆడిస్తే కొంచెంసేపట్లోనే లోపల కాలి పట్టేస్తుందట, ఇక దేనికీ పనికిరాదట. సరే పోనీ నా డ్రమ్ము అనుకున్నాను.

అంతా బిగించాక తాళం తిప్పాడు. గిర్రుగిర్రుమని తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. రెండో నెల అలాగే గడిచింది. చెరువు దగ్గర పడవలు నడిపే లూకాను ఒకసారి అడగరాదా అన్నాను. లూకా ఒకప్పుడు ఈయన కింద పనిచేసినవాడు. వాణ్ని నేను అడగాలా అన్నట్టు ఒక చూపు చూశాడంతే. రైల్వే ఫిట్టర్లకు ఇంజను కంటే పొగరుకే ఆయిలు ఎక్కువ పోయాలి.

ఇక నా సంగతికి వస్తాను. బండి కొన్నాక పూజ చేయించకపోతే అది ఎలా నడుస్తుంది? స్కూటరుకు చేయించాం, కుట్టు మిషనుకు చేయించాం. నడిచాక చేద్దాం అని ఈయన, చేస్తేనే నడుస్తుంది అని నేను. గుడిలో పంతులుగారు శుక్రవారం పొద్దున పదిన్నరకు మంచి ముహూర్తం ఉందని, ఆ వేళకు ఒక్కసారి తాళం తిప్పితే చాలని చెప్పారు. సరిగ్గా ఆ శుక్రవారం ఈయన స్పార్క్ ప్లగ్గు కోసం రాణీగంజ్ పోయాడు. ఇంకేం కావాలి?

పడవను కడిగాను. ఇంజనుకు పసుపు రాసి బొట్టు పెట్టాను, బంతిపూల దండ వేశాను. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాలి, పడవకు చక్రాలేవి? ట్రాలీ చక్రాల కింద పెట్టాను. తాళంచెవులు మేకుకు వేలాడుతున్నాయి, వాటి పక్కనే చుట్టలు చుట్టలుగా ఉండే ఎర్ర తాడొకటి. బండి సామాను ఒక్కటీ బయట ఉండకూడదు కదా అని దాన్నీ తీసుకుపోయాను. దాని చివర చిన్న బిళ్ల ఉంది. పడవలో ఎర్ర మీట కింద అంత ఖాళీయే కనపడింది. నొక్కితే టక్కున కూర్చుంది. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, పదిన్నరకు తాళం తిప్పాను.

అది ఒక్కసారిగా గర్జించింది. తెల్లటి పొగ గల్లీ అంతా నిండిపోయింది. దోమల మిషను వచ్చిందనుకుని చుట్టుపక్కల వాళ్లు టపటపా కిటికీలు మూసుకున్నారు. తాళం ఎటు తిప్పాలో తెలియక నారాయణ, నారాయణ అంటూ నిలబడ్డాను. చివరికి ఎలాగో ఆర్పాను. అప్పుడు కిందికి చూస్తే డ్రమ్ములో చుక్క నీరు లేదు. వాసన రాకుండా ముందురోజే నేనే పారబోశాను.

గబగబా దండా నిమ్మకాయలూ తీశాను, పసుపూ బొట్టూ తుడిచాను, తాళాలూ తాడూ మేకుకు తగిలించాను. కొబ్బరికాయను చట్నీ చేశాను. ఆయన వచ్చి అదే తిని బాగుందన్నాడు.

సాయంత్రం డ్రమ్ములో నీళ్లు నింపి కొత్త ప్లగ్గుతో తాళం తిప్పాడు. గిర్రుగిర్రుమంది, అంతే. మర్నాడూ అంతే. వారం రోజులు అదే పని. చంపింది నేను, వెతుక్కుంటున్నది ఆయన. చెబుదామని నోటిదాకా వచ్చేది, ఆయన ముఖం చూసి మింగేసేదాన్ని.

శనివారం రాత్రి అన్నం కలిపి, తినకుండానే లేచాడు.

"నా చేతిల పని పోయింది సుమిత్రా," అన్నాడు. "ఓంప్రకాశ్ సేటుకు ఫోన్ చేసిన. రేపు వచ్చి పడవ తీస్కపోతడు. పానాల పెట్టె సుత ఇచ్చేస్త."

ఓంప్రకాశ్ పాత ఇనుము సేటు. పానాల పెట్టె అంటే ఆయన పనిముట్ల పెట్టె, మా పెళ్లికి ముందు నుంచీ ఉన్నది. అందులో సగం పానాలు ఈయన సొంతంగా సాన పట్టుకున్నవి. పడవ పోతే నాకు పీడా పోయినట్టే. ఆ పెట్టె పోతే మాత్రం ఈ మనిషి మిగలడు, ఆ గేటు దగ్గర కుర్చీ మిగులుతుంది. ఆ రాత్రి నేను కన్ను మూయలేదు.

పొద్దున సేటు టెంపో గల్లీ మలుపులో కనపడగానే ఇక ఆగలేకపోయాను. పెట్టె ఎత్తుతున్న ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నీ చేయి మంచిగనే ఉన్నది. ఇంజన్ ఖరాబ్ చేసింది నేను."

పూజ గురించి, ముహూర్తం గురించి, ఎండిన డ్రమ్ము గురించి, చట్నీతో సహా అంతా ఏడుస్తూ చెప్పేశాను. ఎంత తిట్టినా పడదామనే అనుకున్నాను. ఆయన పెట్టె కింద పెట్టాడు.

"స్టార్ట్ అయిందా?" అన్నాడు.

అయింది కాబట్టే కదా కాలిపోయింది అన్నాను. మళ్లీ అదే అడిగాడు. నేను ప్రాణం తీసిన పాపం ఒప్పుకుంటుంటే ఈయన పురిటి కబురు అడిగినట్టు అడుగుతాడేమిటని నాకు ఒళ్లు మండింది. మూడోసారి అడుగుతూనే డ్రమ్ము నింపడానికి బకెట్టు అందుకున్నాడు.

"అంత మళ్ల చెయ్యి," అన్నాడు. "ఎట్ల చేసినవో అట్లనే. ఒక్కటి ఇడిచిపెట్టకు."

సేటు టెంపో దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. నేను పసుపు రాశాను, బొట్టు పెట్టాను. బంతిపూలు లేకపోతే రోసమ్మ గోడ మీది నుంచి నాలుగు మందారాలు అందించింది. ఆయన నా చేతులనే చూస్తున్నాడు. తాళాలతో పాటు తాడు తీసి ఎర్ర మీట కింద నొక్కాను. ఆయన ఆగమన్నాడు. దాన్ని ఊడదీసి తాళం తిప్పాడు, గిర్రుగిర్రుమంది. మళ్లీ పెట్టి తిప్పాడు.

గల్లీ దద్దరిల్లిపోయింది.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నడిపేవాడి చేతికి కట్టే తాడట అది. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి, ఇంజను ఆగిపోతుందన్నమాట. తాడు లేకపోతే అసలు అంటుకోదు. మొదటి రోజు తాళాల గుత్తికి కట్టుకునే తాడు అనుకుని మేకుకు తగిలించింది ఈయనే. రైలు ఇంజనుకు అలాంటి తాడు ఉండదు మరి.

కానీ నా భయం ఇంకా తీరలేదు. లోపల పంపు కాలకపోతే ఇంజను పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాలట. ఆయన అరచెయ్యి అక్కడ పెట్టి ఎదురు చూస్తున్నాడు. ఏమీ రాలేదు. ఆర్పేద్దామని ఆయన ఇంకో చెయ్యి తాళం మీదికి పోయింది. అప్పుడు సన్నగా, దారంలా, నీళ్లు ఆయన అరచేతిలో పడ్డాయి. తర్వాత ధారగా చిమ్మి నా చీరంతా తడిపేశాయి. అమ్మయ్య అని అక్కడే ట్రాలీ మీద కూలబడిపోయాను. తొమ్మిది రోజులుగా గుండె మీద పెట్టుకున్న బరువు ఒక్కసారి దిగిపోతే ఏడుపే వస్తుంది, ఏం చేస్తాం.

ఇంజను ఆర్పాక సేటు అడిగాడు, ఖరాబైందని రమ్మన్నావు కదా, మరి దీన్ని బాగుచేసింది ఎవరని. మా ఆయన వెంటనే నన్ను చూపించాడు. ఇదిగో మా ఇంటామె, మొత్తం ఈమె చలవే అని నవ్వుతూ చెప్పబోయాడు. నేను ఊరుకోలేదు.

"తాడు పెట్టింది నేను," అన్నాను. "రెండు నెలలు కూసోని ఇంజన్ బాగుచేసింది ఎవరో నువ్వే చెప్పు సేటుకు."

ఆయన నవ్వడం మానేశాడు. నూనె మరకల అరచేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎక్కడో స్టేషను వైపు ఒక రైలు కూసింది. ఈసారి అది ఏ ఇంజనో ఆయన చెప్పలేదు.

"నేనే," అన్నాడు.