పేరు లేని గొంతులు

పీహెచ్‌డీ అంటే తెలివికి పరీక్ష అనుకునేదాన్ని. కాదు, ఓపికకు. కోర్సు పరీక్షలు, జర్నల్ పేపర్లు, కాపీ కొట్టలేదన్న సర్టిఫికెట్, అన్నీ గట్టెక్కి వైవా దాకా వచ్చాను. సిద్దిపేటలో మా కాలేజీ సెమినార్ హాల్లోనే పెట్టారు. అదీ అయితే నేను డాక్టర్ సాత్విక.

మన పల్లెల మాటను విని అక్షరాల్లో రాసే సాఫ్ట్‌వేర్ నాది. దానికి నేర్పడానికి ఊళ్లు తిరిగి ముసలివాళ్ల గొంతులు రికార్డు చేశాను. మద్దూరు పోచవ్వ గొంతిచ్చిన రోజు నుంచే నన్ను డాక్టరమ్మా అని పిలిచేది. కోహెడ దుర్గవ్వ మాత్రం షరతు పెట్టింది.

"బిడ్డా, నీ పుస్తకంల నా పేరు రాయాలె. గంతే."

రాశాను కూడా. మా గైడు రత్నాకర్ సార్ కొట్టేశారు. "గొంతిచ్చినోళ్ల పేర్లు బయట పెట్టొద్దమ్మా, రూలు. నంబర్లెయ్యి."

దుర్గవ్వ ఒక నంబరైంది. ఆ ఎండాకాలమే చనిపోయింది.

ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌కు తెగులు పట్టుకుంది. మైకు ముందు ఎవరూ మాట్లాడకపోయినా తెర మీద అక్షరాలు పడేవి: "నా పేరేది?"

దుర్గవ్వే అడుగుతోందంటే సార్ నవ్వేశారు. "సప్పుడు లేకుంటే గివి ఏదో ఒకటి కల్పించి రాస్తయి. ఆమె గొంతు తీసేసి మళ్లా నేర్పు. వైవాల గిట్లొస్తే డిగ్రీ గోవిందా."

తీసేశాను. ఆమెను ఇంకోసారి సాగనంపినట్టే అనిపించింది. తెర ఖాళీ అయ్యింది. హమ్మయ్య అనుకున్నాను, అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

వైవాలో సాఫ్ట్‌వేర్‌ను తెర మీద నడిపి చూపించాను, అంతా బాగానే జరిగింది. చివర్లో, రివాజు ప్రకారం, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ హాలంతా చూసి, "ఎవరైనా ప్రశ్న అడగవచ్చు" అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. మైకు ఆన్‌లోనే ఉంది.

తెర మీద ఒక్కో అక్షరమే పడింది. "నా పేరేది?"

ఆమె గొంతు ఇప్పుడు అందులో లేదు. ప్రొఫెసర్ కళ్లద్దాలు సర్దుకుని, "ఎవరడిగారిది?" అన్నారు. సాఫ్ట్‌వేర్ తప్పంటే థీసిస్ వెనక్కి. పేరు చెబితే రూలు దాటినట్టు. రత్నాకర్ సార్ వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నారు. కానీ ప్రశ్న అడిగాక జవాబు చెప్పాల్సిందే, వైవా అంటేనే అది. పోతే పోనీ అనుకున్నాను.

"దుర్గవ్వ," అన్నాను మైకులో. "కోహెడ దుర్గవ్వ."

తెర తుడిచినట్టు ఖాళీ అయ్యింది. నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఇంకో వరుస పడింది. "డాక్టరమ్మా, మరి నాది?"

నన్నలా పిలిచేది పోచవ్వ ఒక్కతే. ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి, "మంచిగ చెప్పిరా డాక్టరమ్మా" అంది. అప్పటికైతే బాగానే ఉంది.