గీకేసిన తేదీ

1992లో తార్నాకలో కొట్టు తెరిచిననాడు నా దగ్గర ఉన్నవి ఒక పాత టైపు మిషను, ఒక కెమెరా, ఫొటోలకు వెనక కట్టే తెల్ల దుప్పటి, వీరస్వామి అన్న తెచ్చే అన్నం డబ్బా. ఆయన యూనివర్సిటీ హాస్టల్లో పర్మనెంటు వంటమనిషి. పద్నాలుగు నెలలు మధ్యాహ్నం పూట సైకిల్ మీద అన్నం తెచ్చిపెట్టాడు. డబ్బులివ్వబోతే, "తిన్నదానికి లెక్కేంది తమ్మీ" అనేవాడు.

పాస్‌పోర్టు ఫారాలు నింపడం, విమానం ఎక్కేవాళ్లకు ఏ కాగితాలు కావాలో చెప్పడం నా వ్యాపారం. ఏ దేశానికి ఏ టీకా అడుగుతారో క్యాంపస్‌లో చదివే ఆఫ్రికా విద్యార్థుల దగ్గరే నేర్చుకున్నాను.

94లో అన్నకు ఉగాండాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ క్యాంటీన్లో రెండేళ్ల పని దొరికింది. యూనివర్సిటీ జీతం లేని సెలవిచ్చింది. 1996 మార్చి 21న వచ్చి చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేనని ఆ కాగితంలో ఉంది. చదివి చెప్పింది నేనే.

ఆ 94 మార్చి 11న పాస్‌పోర్టు ఇచ్చారు. 16న ఎల్లో ఫీవర్ సూది వేయించుకున్నాడు. పాస్‌పోర్టు నంబరు, తేదీ వేసి పసుపు రంగు కార్డిచ్చారు. సూది వేసిన పదిరోజులకు గాని ఆ కార్డు చెల్లదు. టికెట్టేమో 20కి.

"ఒక వారం ఆగుదునా తమ్మీ?"

"ఎందుకన్నా. సూది నిజమేనాయె, తేదీ ఒక్కటే అడ్డం" అని బ్లేడు తీసి పదహారులో ఒకటిని గీకేశాను. ఆరో తేదీ అయింది. "నీ చేతిల వంటున్నట్టు నా చేతిల గిదున్నది."

నవ్వాడు. అంతకుముందు నలుగురైదుగురికి అట్లాగే చేశాను. ఎవరూ పట్టుకోలేదు.

రెండేళ్ల తర్వాత మార్చి 18 పొద్దున కొట్లో ఫోన్ మోగింది.

"తమ్మీ, బొంబాయిల దిగంగనే సూది కార్డు చూసి ఆపిన్రు."

"ఏమైందన్నా?"

"పాస్‌పోర్టు పదకొండున పుట్టిందంట. దాని నంబరు ఆరో తారీకు కార్డు మీదికి ఎట్ల వచ్చిందంటున్నరు. కార్డు చెల్లదని ఆరు దినాలు దవాఖానల పెడ్తరట. ఇరవై ఒకటికి నేనెట్ల చేరాలె?"

ఆ లెక్క నేను చూసుకోలేదు. వెళ్లేటప్పుడు ఆరు రోజులు ఆగి ఉంటే సరిపోయేది.

24న విడిచిపెట్టారు. మర్నాడు యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి భార్య బాలలక్ష్మితో నేరుగా కొట్టుకు వచ్చాడు. చేతిలో విమానాశ్రయం వాళ్లిచ్చిన కాగితం.

"ఎందుకు లేటయిందో కాగితం చూపిస్తే చేర్చుకుంటమన్నరు. ఇందుల ఏం రాసిన్రో చూడు."

చదివాను. కార్డు మీద తేదీ దిద్దినట్టుంది కాబట్టి ఆపామని రాశారు.

"ఇది చూపిస్తే దొంగ కార్డు కేసు నీ మీద పడ్తదన్నా" అన్నాను.

"గీకింది ఆయననా, నువ్వా?" అంది బాలలక్ష్మి.

"నువ్వూకో" అన్నాడు ఆమెతో. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నీ కొట్టు మూతపడ్తదని చెప్పరాదా తమ్మీ. గంతనే గదా."

గంతే. ఆయన ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. నెల తిరగకముందే ఉద్యోగం పోయింది.

మరుసటేడు మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్స్ ముందు, ఆయన పూరీ బండి కనిపించింది. వెళ్లి నిలబడ్డాను. ప్లేటు పెట్టాడు. ఆలుగడ్డ కూర అదే రుచి. తిని చేయి కడుక్కుంటుంటే అన్నాడు, "ఆరు రూపాయలు."

పది ఇచ్చాను. నాలుగు రూపాయలు లెక్కపెట్టి నా అరచేతిలో పెట్టాడు.

"చిల్లర చూసుకోండ్రి."

కొట్టు నిలిచింది. రెండో జిరాక్స్ మిషను కొన్నాను. తేదీ గీకిందెవరని నన్ను అడగడానికి ఎవరూ రాలేదు. తిన్నదానికి లెక్కయింది, వీరస్వామి అన్నకు నేనిప్పుడు బాకీ లేను. నాకు మిగిలింది అంతా ఇదే.