రథంలో వెనక నిలబడ్డవాడు

చొక్కా విప్పి, పొయ్యికి వీపు కాచుకుంటున్నాడు నికేజ్. పారిస్‌లోని ఆ స్టూడియో అంతా ఉరుకులు పరుగులు. ఎదురు గోడ నిండా రోము సేనాని విజయయాత్ర: తెల్లగుర్రాల రథం, బాకాలు, సంకెళ్ళలో బందీలు. చీకటి పడేలోగా బొమ్మ ప్రదర్శనశాలకు చేరాలి. మోసేవాళ్ళు అప్పుడే తలుపు బాదుతున్నారు.

ఆ బొమ్మలో సగం ఒళ్ళు నికేజ్‌దే. సేనాని ఛాతీ, బందీరాజు మోకాళ్ళు, బాకా ఊదేవాడి మెడ అన్నీ అతనివే. పొద్దున సెయిన్ నది నీళ్ళు ఇంటింటికీ మోసి, ఆపైన ఇక్కడ బొమ్మలకు నమూనాగా కదలకుండా నిలబడే ఒళ్ళు. ముఖాలు మాత్రం పాతకాలపు విగ్రహాల నుంచి దించడం అక్కడి పద్ధతి. ప్రదర్శనలో ఏ మోకాలో చూపించి "అది నేనే" అంటే, భార్య పెరీన్ పడీ పడీ నవ్వేది. "మోకాలికి పేరేమిటయ్యా, పో!"

ఇవాళ ఒక్క ముఖం మిగిలింది. రథంలో సేనాని వెనక నిలబడి, అతని తలపై కిరీటం పట్టుకునే బానిసది. దానికోసం తెచ్చిన ప్లాస్టర్ తల శిష్యుడు లుబాఁ చేతిలోంచి జారి ముక్కలైంది.

"నా ముఖమే వేసెయ్యండి మాస్టారూ!" అన్నాడు నికేజ్. గుండె దడదడలాడింది.

"ఆ ముక్కుతోనా? రోము రెండ్రోజుల్లో కూలేది!" లుబాఁ నవ్వాడు.

"తల పగలగొట్టినోడివి, నువ్వు మాట్లాడకురా," అన్నాడు నికేజ్.

చిత్రకారుడు వెర్దియే కళ్ళు చికిలించాడు. "ఎక్కు. కదిలావో, చెరిపేస్తా."

బల్ల ఎక్కాడు. ఎత్తిన చెయ్యి దిగిపోకుండా పైనుంచి వేలాడే తాడు ఉచ్చులో మణికట్టు దూర్చారు. కుంచె పరిగెత్తింది. కన్ను వచ్చింది. ముక్కు వచ్చింది, ఉన్నది ఉన్నట్టు! నికేజ్‌కి కేక పెట్టాలనిపించింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. దిగితే ముఖం పోతుంది. దిగలేదు.

"భలే! ఇంత నిలకడగా ఎప్పుడూ నిలబడలేదురా!" అంటూ చివరి గీత గీశాడు వెర్దియే. "అయిపోయింది, దిగు."

దిగలేదు. ఊపిరి ఆగిన అతన్ని తాడే నిలబెట్టింది.

బొమ్మ తడి ఆరకుండానే మోసేవాళ్ళ భుజాలమీద వీధిలోకి వెళ్ళింది. పెరీన్‌కి కబురు చెప్పాలని లుబాఁ దాని వెనకే పరిగెత్తాడు. మలుపులో కూరగాయల బండి దగ్గర ఆమె తలెత్తి చూసింది. మరుక్షణం చేతిలోని క్యాబేజీ వదిలేసి ఎగిరి గంతేసింది.

"అదిగో! మా ఆయనే! ఆ ముక్కు చూడండర్రా!"

లుబాఁ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఒంటిని కూడా దించి తీసుకెళ్ళాక ఖాళీ అయిన స్టూడియోలో, బల్లమీద, నికేజ్ నిలబడ్డ చోటు గుర్తుండడానికి సుద్దతో గీసిన రెండు పాదాలు, బొటనవేలు కాస్త ఎడంగా.