సారయ్య తీసిన మీసం

సారయ్య బ్లేడును కాగితంలో ఉండగానే రెండుగా విరిచి, ఒక సగాన్ని కత్తిలో బిగించాడు. మహారాష్ట్రలోని ఘుగ్గుస్ బొగ్గుగనుల కాలనీ మలుపులో అతని రేకుల దుకాణం. బొగ్గు లారీ పోయిన ప్రతిసారీ అద్దం మసకబారుతుంది. తుడిచి, మళ్లీ నురుగు కలుపుతాడు. గనుల్లో పనికొచ్చిన తెలుగువాళ్ల వెంట మంచిర్యాల వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లయింది. భార్య పోయింది. పిల్లలు లేరు. తల నెరిసినా మీసం మాత్రం దట్టంగా, పైకి దువ్వి ఉంటుంది.

నిన్ననే ఎన్నికల ఫలితాలు వచ్చాయి. కుర్చీలో కూర్చున్న గట్టయ్య ఫోనులో ఒక వింత వార్త చదివాడు. ఎక్కడో ఓడిపోయినాయన, ఇంటింటికీ పంచిన కుక్కర్లు తిరిగి ఇమ్మంటున్నాడట.

"పప్పుతోని ఇమ్మన్నడా, ఉత్తదేనా?" అన్నాడు సారయ్య. గట్టయ్య నవ్వుతుంటే గడ్డం తెగకుండా కత్తి ఆపాడు. "ఇచ్చుడు తప్పే, అడుగుడు తప్పే. ఓడినోడు ఓట్ల మిషన్‌ను తిడుతుండు, గెలిచినోడు పక్కింటోన్ని తిడుతుండు. మా నాయిన ఓటు ఎవరికేసిండో మా అమ్మకు గూడ చెప్పలె. ఇద్దరు ఒక్కకాడనే బువ్వ తిన్నరు."

గట్టయ్య లేచి వెళ్లాక నర్సక్క ఆయాసపడుతూ వచ్చింది. ఫోను మోగితే గని కూలిందనుకునే మనిషి.

"సారయ్యన్నా, మా కొడుకు నాగేష్ ఎలచ్చన్ల మీద మీసం పందెం గట్టిండట. ఓడిండు. తీయించనీకి ఇటే తోల్కొస్తుర్రు. ఇంట్ల మా ఆయన ఆక్సిజన్ మీద ఉండె. తండ్రి బతికుండంగ కొడుకు మీసం తీస్తే ఏమైతదో నీకు తెల్వదా?"

అంతలోనే పదిమంది వచ్చారు. ముందు పందెం గెలిచిన సంజయ్, చేతిలో ఫోను. వెనక నాగేష్, తల దించుకుని.

"చలా కాకా, జల్ది గీకు. అందరు సూస్తుర్రు," అన్నాడు సంజయ్ ఫోను ఎత్తి పట్టి.

"తియ్యి కాకా," అన్నాడు నాగేష్. "మాటిచ్చిన."

సారయ్య కుర్చీకి అడ్డంగా నిలబడ్డాడు. "వీని నాయిన లస్మయ్య ఉన్నన్ని దినాలు ఈ మీసం మీద కత్తి పెట్ట. నలభై ఏండ్లల్ల తండ్రి ఉన్నోని మీసం ఒక్కటి తియ్యలె."

"గిప్పుడు అందరు తీస్తుర్రు. ఫ్యాషన్," అన్నాడు సంజయ్.

"తీసుకోనియ్. నా కుర్చీల కూసోని కాదు."

"మరి పందెం సంగతేంది? ఓడితే ఇట్లనే తప్పించుకుంటరు మీ పార్టోళ్లు!"

నాగేష్ పిడికిలి బిగిసింది. నర్సక్క కొడుకు చొక్కా పట్టుకుంది. సారయ్య కత్తి వైపు చూసి, తన కుర్చీలో తానే కూర్చున్నాడు.

"పందెం మీసమే గదా. మా నాయిన పోయి ముప్పై ఏండ్లాయె. నాది తీస్కో."

అద్దంలో చూసుకుంటూ తానే గీసుకున్న రెండు గీతల్లో మీసం ఒళ్లో రాలింది. కింద చర్మం పసిపిల్లవాడిదిలా తెల్లగా ఉంది. వెనక ఎవరో పకపకా నవ్వి, వెంటనే ఆగిపోయారు. సంజయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"గెలిచినోనివి నువ్వు," అన్నాడు సారయ్య. "గెలిచినోనికే పెద్దమనసుండాలె. పోయి లస్మయ్యను పలకరించు."

సంజయ్ నాగేష్ ఇంటి దారే పట్టాడు.

మధ్యాహ్నం నర్సక్క జొన్నరొట్టెలు, వంకాయకూర గిన్నెలో తెచ్చింది. "సంజయ్ వచ్చి మా ఆయన కాళ్లకాడ కూసున్నడన్నా. నవ్వుకున్నరు. నీ చేతులు సల్లగుండ."

"నీ భయం తీరిందా?"

"ఈ పూటకు తీరింది."

ఆమె వెళ్లాక సారయ్య తృప్తిగా తిన్నాడు. ఎడమ చెయ్యి లాగుతుంటే నిమురుకుంటూ, కాసేపు నడుం వాల్చుదామని కుర్చీలో వెనక్కి ఒరిగాడు.

గిన్నె కోసం నాలుగింటికి నర్సక్క వచ్చింది. ప్రతిదానికీ భయపడే మనిషి, ఆ ఒక్కసారి భయపడలేదు. నిద్రపోతున్నాడనుకుని, అలికిడి కాకుండా గడప దగ్గరే నిలబడి ఎదురుచూసింది. ఈగ వచ్చి అతని పైపెదవి మీద వాలింది. సారయ్య కదలలేదు. అప్పుడు దగ్గరికెళ్లి చెయ్యి ముట్టుకుంది. చల్లబడిపోయి ఉంది.

బల్ల మీద ఆమె గిన్నె, శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. దాని అంచు కింద తడి ఇంకా ఆరలేదు.