ఎప్పటినుంచి అన్న గడి

బట్టల కంపెనీలో అందరూ ఆమెని జీతాలమ్మ అనేవారు. పొద్దున్న తొమ్మిదింటికల్లా వచ్చి, కంప్యూటరు మీది దుమ్ము తుడిచి, ఎవరి జీతం రేటు పెరిగిందో ఎవరిది తగ్గిందో ఎక్కించేది. ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ మొత్తం మీద ఆమె ఒక్కదానికే వచ్చు. ఆ సంగతి ఆమెకి కాస్త ఎక్కువగానే తెలుసు.

రేటు మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. పేరు వెతకాలి, కొత్త రేటు కొట్టాలి, ‘ఎప్పటినుంచి’ అన్న గడిలో తేదీ వెయ్యాలి. చిక్కంతా ఆ గడితోనే. తగ్గింపుకి పాత తేదీ వేస్తే, ఆనాటినుంచి ఆ తేడా డబ్బుతో కొన్నవన్నీ లేచి, కొన్నచోటికి వెళ్ళిపోతాయి. కిందటేడు డ్రైవరు ఇంట్లో మంచం ఇలాగే మెట్లు దిగి వెళ్ళింది. ఆయన పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. పరుపు మామగారు కొన్నది కాబట్టి మిగిలింది.

ఆ సోమవారం మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు.

“ఇస్త్రీ సెక్షనుకి నాలుగేళ్ళ కిందట పొరపాటున రేటు పెంచారటమ్మా. అప్పటినుంచే సరిచెయ్యి. అయిదింటికల్లా అయిపోవాలి.”

“అందరికీనా సార్?”

“ఒక్కరిని వదిలినా ఆ కుర్చీలోకి ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుంది.”

ఇస్త్రీ సెక్షన్లో పదకొండుమంది. అందులో ఒకరు ఆమె సొంత అక్క.

భోజనాల వేళ అక్క కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిరికి మొహం ఉబ్బి ఉంది.

“రేపటినుంచి ఎంతైనా తగ్గించుకో, నేనేమీ అనను. వెనక్కి మాత్రం వెళ్ళకే.”

“నీ ఒక్కదానికి వేరే తేదీ వేస్తే నా ఉద్యోగం ఊడుతుందక్కా. ఏం పోతుంది, ఆ ఫ్యానేగా? నేను కొనిపెడతాలే.”

“ఫ్యాను ఒక్కటే కొన్నాననుకున్నావా?”

“మరింకేం కొన్నావ్?”

అక్క చెప్పబోయి ఆగింది. తను చేసింది తన నోటితో చెప్పుకోవడం ఆమెకి చచ్చినంత పని. “అక్కనడుగుతున్నాను, చెయ్యవే,” అంది అంతే.

జీతాలమ్మకి ఒళ్ళు మండింది. కంపెనీలో ప్రతివాళ్ళదీ ఈ కిటికీ దగ్గర ఇదే పాట, తోడబుట్టినదానిదీ అదేనా అనుకుని కిటికీ తలుపు వేసేసింది.

నాలుగున్నరకి మొదలుపెట్టింది. ఒక్కో పేరూ నొక్కుతుంటే కిటికీ అద్దంలోంచి వీధి కనిపిస్తూనే ఉంది. ఒక మిక్సీ వెళ్ళింది, రెండు సైకిళ్ళు వెళ్ళాయి, స్కూలు బూట్లు పిల్లలకంటే బుద్ధిగా వరసలో వెళ్ళాయి. అక్క పేరు ఆఖరికి అట్టేపెట్టుకుంది. వేలు ఒక్క క్షణం ఆగింది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత నొక్కింది.

ఫ్యాను వెళ్ళింది. దాని వెనక ఇంకేమీ రాలేదు. హమ్మయ్య అనుకుని, లిస్టు ప్రింటు తీద్దామని తెరవైపు తిరిగింది.

తెరనిండా గళ్ళు, గీతలు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియలేదు. వేళ్ళు కీబోర్డు మీద పెట్టింది. అవి ఎటు వెళ్ళాలో ఎరగవు.

మూడేళ్ళ కిందట ఈ కంపెనీలో చేరకముందు ఆమె ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చేసింది. నాన్న దాచిన డబ్బని చెప్పి అక్కే ఫీజు కట్టింది. నాన్న దాచిందేమీ లేదని ఇప్పుడు అర్థమైంది. ఆ పాటికి నేర్చుకున్నదంతా వీధి చివర కోర్సు నేర్పే గది మెట్లెక్కుతూ ఉండి ఉంటుంది.

అయిదింటికి మేనేజరు వచ్చాడు.

“మా అక్కది వెనక్కి తిప్పండి సార్,” అంది ఏడుస్తూ.

“అది తిప్పడం నీకొక్కదానికే కదమ్మా వచ్చు,” అన్నాడాయన, మర్యాదగానే.

మర్నాడు ఆమెని ఇస్త్రీ సెక్షన్లో వేశారు. రేటు, తను తగ్గించినదే. అక్క తన బల్ల దగ్గర సగం చోటిచ్చింది. ఇస్త్రీపెట్టె వేడి ఎలా చూడాలో, కాలర్ ఎటునుంచి మొదలుపెట్టాలో చూపించింది.

“ఇదైనా గుర్తుపెట్టుకో. దీనికి ఫీజు లేదు.”

చెల్లెలితో అక్క మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ తర్వాత ఇద్దరూ ఆ బల్ల దగ్గరే పదిహేడేళ్ళు పనిచేశారు.