అద్దం లెక్క లైనర్

కోదాడల ఏసుబాబన్న షెడ్డుల తొమ్మిదేండ్లు ట్రాక్టర్ ఇంజన్లు విప్పి బిగించిన. సొంత అన్న గూడ నాకు అంత కాదు. 2008ల మిర్యాలగూడల నా సొంత షెడ్డు పెట్టుకుంటె తిన్నింటి వాసాలు లెక్కపెట్టిండన్నరు కొందరు. ఆయన కాళ్లు మొక్కే వచ్చిన నేను.

మొదటి గిరాకి మాడుగులపల్లి దిక్కు తండా నుంచి వచ్చిన దస్రు. ఆయనకు ట్రాక్టరే బతుకు, నాట్ల టైముల ఊరూరు తిరిగి కిరాయికి దమ్ము చేస్తడు. ఈ బండి మంచిగ నడిస్తెనే ఇంకోడు నా కాడికొస్తడు, లేకుంటె షెడ్డు ఖతం. అందుకే పిస్టన్ ఆడే లైనర్‌ను బోరు కొట్టించి, సన్నటి ఎమరీ కాయితంతోని రెండు రోజులు రుద్దిన. పాత ఇంజన్లు విప్పినప్పుడల్ల లోపల తళతళ మెరిసేది గద, మంచి పనంటె గదే అనుకున్న. షెడ్డు చూడనీకి వచ్చిన ఏసుబాబన్న లోపల వేలు పెట్టి నిదానంగ తిప్పిండు. "అద్దంలా చేశావు తమ్ముడూ, బిగించెయ్" అన్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, ఎంత పిచ్చోన్ని!

పన్నెండో రోజు పొలం నడుమనే ఇంజన్ పట్టేసింది. పోయి విప్పితె లైనర్ నిండ నిలువు గాట్లు. దాన్ని సూర్యాపేటల బోరింగ్ పని చేసే ముసలాయనకు చూపిస్తె నవ్విండు. బోరు కొట్టినంక లోపల సానరాయి తిప్పి అడ్డదిడ్డంగ సన్న గీతలు పెట్టాల్నట, నూనె ఆ గీతల్లనే నిలుస్తదట. నేను గీతలన్ని చెరిపేస్తి, నూనె జారిపోయె, ఇనుము ఇనుమును కొరికె. ఎవరు నేర్పిండ్రు నీకు అనడిగిండు. ఆ రాయి తీసే టైముకు ఏసుబాబన్న నన్ను చాయ్‌కో సామాన్లకో తోలేటోడు. చేతి విద్య దాచుకున్నడు, పోనీ. కాని వేలు పెట్టి సూసిండు గద!

కోదాడ పోయిన. దస్రు బండి ఆడనే ఉంది, నాట్లు ఆగవని గుంజుకొచ్చిండట. ఏసుబాబన్న కొత్త లైనర్ల రాయి తిప్పుతున్నడు. నాది పట్టేస్తదని నీకు ఎరికేనా అని మొకం మీదనే అడిగిన.

"తెలుసు. ఒక్క బండి దెబ్బతింటే మళ్లీ నా దగ్గరికే వస్తావనుకున్నా. నువ్వు పోయినకాడ్నించి నాకు చెయ్యి విరిగినట్టుంది తమ్ముడూ."

ఒళ్లు మండింది నాకు. గొంతు కోసి చేసే ప్రేమ ఏం ప్రేమ? ఆయనేమో రాయి నా దిక్కు చాపి, రా, ఇప్పుడు నేర్పిస్తా అంటున్నడు. సిగ్గు లేని చెయ్యి, రాయి అందుకోనీకి లేసింది నాది.

దస్రు అప్పుడే నీళ్ల డబ్బాతోని లోపలికొచ్చి నన్ను సూసిండు.

"ఈయన్ని నా బండి ముట్టనియ్యకు మేస్త్రీ" అని మా మధ్యల నిలబడ్డడు. "ఒక్కసారి నమ్మింది సాలు."

తప్పు వీనిది కాదు అని ఒక్క మాట అంటడేమోనని ఏసుబాబన్న దిక్కు సూసిన. ఆయన తల వంచుకొని మళ్ల రాయి తిప్పబట్టిండు.